చెవిలో చెప్పిన పేరు

మా మేనత్త పోయిన రోజు మధ్యాహ్నానికల్లా తమ్ముడు గోడ పోస్టర్లు వేయించుకొచ్చాడు. తమిళనాడులో ఉన్న మా రాజపాళయంలో ఎవరు పోయినా అంతే. మనిషిని ఇంకా ఇంట్లోంచి ఎత్తకముందే ఫొటో, కింద పేరు, వయసు, ఎన్ని గంటలకు ఎత్తుతారో ఆ సమయం, అన్నీ వీధి మలుపులో గోడకు అంటుకుపోతాయి. చుట్ట విప్పి చూసి నేను తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. ఫొటో బాగానే ఉంది. పేరే, ఇనిషియల్‌తో సహా, అరచేయంత అక్షరాలతో ఉంది.

"ఇంత పెద్దగా ఆమె పేరు ఎందుకురా వేయిస్తివి?"

"పేరు లేకుండా పోస్టర్ ఎవరక్కా వేస్తారు? చూసేవాళ్లకు ఎవరని తెలియొద్దా?"

"ఫొటో ఉండాది కదా."

వాడు నన్ను జాలిగా చూశాడు. ఏడ్చి ఏడ్చి నాకు మతి పోయిందనుకుని ఉంటాడు. "సరి, పో అక్కా, లోపల కూర్చో" అని, పోస్టర్లను కుర్రాళ్ల చేతికిచ్చి అంటించడానికి పంపించేశాడు.

మతి పోయి అనలేదు. అత్తది ఒక పద్ధతి. తనకంటే పెద్దవాళ్ల పేరు నోటితో పలకదు. మా తాత పేరు, అవ్వ పేరు ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. మా వీధి చివర మందుల షాపాయనకు కర్మం కొద్దీ మా తాత పేరే ఉంది. ఆయన్ను "నాయన పేరాయన" అనేది. ఎవరింటికి వెళ్లినా వాకిట్లో నిలబడి పేరు పెట్టి కేకేసేది కాదు. రెండుసార్లు దగ్గేది. ఆ దగ్గు విని మూలింటి పిన్నమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చేది. "పేరు ఊరికే పిలిస్తే అరిగిపోతాదే" అనేది మాతో. పిల్లల సంగతిలో మరీ కట్టుదిట్టం. మా వాళ్లలో పిల్లలకు పోయిన పెద్దల పేర్లు పెడతారు. అట్లా పేరు పెట్టిన పిల్లను ఆ పేరెత్తి తిట్టకూడదు. ముత్తాత పేరున్న తమ్ముణ్ని మా నాన్న ఒకసారి పేరుతో కలిపి తిట్టినందుకు రెండు రోజులు నాన్నకు ఆమె అన్నం వడ్డించలేదు. నాన్న ఆమెకంటే చిన్నవాడు, ఏమీ అనలేక తనే వడ్డించుకుని తిన్నాడు.

అందుకని నేనూ ఆమె పేరు ఇక్కడ రాయను. గోడ మీద చూసినవాళ్లు చూసి ఉంటారు.

నాకు పేరు పెట్టింది ఆమె. పెట్టి, ఆ పేరుతో నన్ను పిలిచేది కాదు. "ఏమే", "పిల్లా", "ఇదిగో", అంతే. ఆమె ఒక్కసారి నన్ను నా పేరుతో పిలిస్తే చాలని చిన్నప్పుడంతా ఎదురు చూశాను. తీరా పిలిచిన రోజున దాన్ని చెడగొట్టుకున్నది కూడా నేనే. ఇది ఆ సంగతి.

అత్త పెళ్లి చేసుకోలేదు. మా ఇంట్లోనే, తన తమ్ముడైన మా నాన్న దగ్గరే ఉండిపోయింది. పొడుగ్గా, బక్కగా ఉండేది. నడిస్తే ఎడమకాలు ఒక్క రవ్వ వెనకబడేది. ఎంత ఎండ కాలమైనా చీర కుచ్చిళ్లు పాదాల మీదికి దించి కట్టేది, నీళ్లు తోడేటప్పుడు కూడా ఎత్తి దోపేది కాదు. సత్రపట్టి దారిలో బ్యాండేజి గుడ్డ తయారుచేసే చోట ముప్పై ఏళ్లకు పైగా పని చేసింది. తరిలో, అంటే మగ్గం మీద నేసి, తెల్లగా చలువ చేసిన పలచటి గుడ్డను ఆడవాళ్లు కత్తిరించి, మడతలు పెట్టి, కట్టలు కడతారు. అత్త ఆ మడతలు చూసే పనిలో ఉండేది. చూడటం అంటే కళ్లతో కాదు. ప్రతి మడతనూ మోచేతి లోపలివైపు, చర్మం మెత్తగా ఉండే చోట, ఒకసారి మెల్లిగా రాసేది. ఎక్కడన్నా ముడి తగిలినా, తెగిన పోగు గుచ్చుకున్నా పక్కన పడేసేది. ఇంత నిదానమైతే ఎట్లా అని సూపర్‌వైజర్ తల పట్టుకునేవాడట.

"ఇది కట్టుకొనే గుడ్డ కాదు సారూ. పుండు మీద పడే గుడ్డ. ఆ నొప్పి మీకు తెలీదు" అనేదట ఆమె, తల ఎత్తకుండానే.

ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. నాకు కొత్త యూనిఫాం కొన్నా, తువ్వాలు కొన్నా ముందు ఆమె మోచేతి మీద పరీక్ష పాసు కావాలి. నా పెళ్లి పట్టుచీరను కూడా షాపులో అందరూ చూస్తుండగా చేతికి రాసి, "జరీ గుచ్చుకొంటాది, వేరేది చూపీ" అంది. నాకు సిగ్గేసింది. అప్పట్లో ఆమె ఏం చేసినా నాకు సిగ్గేసేది, అది నా పుర్రెలో పుట్టిన బుద్ధి.

నా పేరు సంగతి అమ్మ నాకు వందసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ కొత్తగా కోపం తెచ్చుకుంది. మా వాళ్లలో తొట్టిలిలో, అంటే ఉయ్యాలలో వేసే రోజు మేనత్త బిడ్డ చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. ముందు ఆ చెవిలో పడాలి, ఆ తర్వాతే మిగతా లోకానికి. మేనత్త నోట ఏది పడితే అదే పేరు. ఇంటి మొదటి ఆడపిల్లను కాబట్టి పోయిన మా అవ్వ పేరు అని అందరూ ముందే అనుకున్నారు. మా పాత ఊరు మంసాపురం నుంచి చుట్టాలంతా వచ్చారు. అత్త తొట్టిలి మీదికి వంగి, కొంగు అడ్డం పెట్టుకుని, మూడుసార్లు చెప్పి లేచింది.

"మా అమ్మ పేరు కాదు. వేరేది చెప్పినాను" అందట, చెంగు సర్దుకుంటూ.

మా తాత కుర్చీలోంచి ముందుకు వంగాడట. "ఏమని చెప్తివే?"

"గ్రూ."

"అదేమి మాట?"

"పేరే నాయనా. చెవిలో పడిపోయె. ఇంక తీసేదానికి అయ్యేది కాదు."

కూర్చున్నవాళ్లంతా గుసగుసలు పోయారట. అమ్మ మంచం మీద ఏడుపు మొదలుపెట్టింది. అందరూ తాత అరుస్తాడనుకున్నారు. తాత మాత్రం కూతురి ముఖంలోకి కాసేపు చూసి, కండువా దులిపి భుజాన వేసుకుని, "సరి, అట్లే రాయించండి" అని బయటికి వెళ్లిపోయాడట. అంత కోపిష్టి మనిషి ఎందుకు అంత తొందరగా ఒప్పుకున్నాడో అమ్మకు ఎప్పటికీ అంతుపట్టలేదు. అత్తను అడిగితే, "బాగుండాది కదా" అని పైకి లేచి వెళ్లిపోయేది.

బాగుండటం ఏమిటి, నా ప్రాణం మీదికి వచ్చింది. బళ్లో హాజరు పిలిచేటప్పుడు నా పేరు దగ్గర టీచర్ ఒక్క క్షణం ఆగేది. ఆ ఒక్క క్షణానికే పిల్లలు నవ్వడం మొదలుపెట్టేవాళ్లు. ఇది క్రైస్తవుల పేరనుకుని ఒక టీచర్ నన్ను ఏడాదంతా వాళ్ల పిల్లలతో పాటు ప్రార్థన లైన్లో నిలబెట్టింది. వాళ్లకు ఇచ్చే బిస్కెట్టు నాకూ వచ్చేది కాబట్టి నేనూ నోరు మూసుకున్నాను. ఆ సంగతి తెలిసిన రోజు అమ్మ తల బాదుకుంది. నేను ఏడుస్తూ అత్త దగ్గరికి వెళ్లాను.

"ఎందుకత్తా నాకీ పేరు పెడితివి? ఎవరికీ పలికేదానికి రాదు."

ఆమె నా తల దువ్వుతోంది. చిక్కు తీస్తూ, "బరువుగా ఉండాదా?" అంది.

"ఊఁ."

"కొన్ని దినాలు మోయి. అలవాటవుతాది."

"నువ్వు కూడా పిలిచేదానివి కాదు కదా."

దువ్వెన ఆగింది. ఇంకేమన్నా చెప్తుందేమోనని చూశాను. జడ అల్లి, రిబ్బన్ కట్టి, వీపు మీద ఒక్క తట్టు తట్టి లేపేసింది.

మదురై కాలేజీలో చదివేటప్పుడు ఒక రోజు బ్రౌసింగ్ సెంటర్‌లో కూర్చుని నా పేరు వెతికాను. నాలాంటి వాళ్లు లోకంలో ఉన్నారని అప్పుడు తెలిసింది, అదీ వేల మంది. నార్వే అని, యూరప్‌లో పైన, సగం ఏడాది మంచు ఉండే దేశం. అక్కడ ఆడపిల్లలకు పెట్టే పేరట. చాలా పాతది. వాళ్ల పాత భాషలో "పెరగడం, మొలకెత్తడం" అనే మాటలోంచి వచ్చిందని ఎక్కువమంది అంటారట. కాదు, పక్క దీవుల భాషలో "స్త్రీ" అనే మాటలోంచి వచ్చిందని కొందరు పండితులు అంటారట. ఇంగ్లీషులో జి, ఆర్, ఓ అని రాసినా వాళ్లు పలికేది "గ్రూ" అనే, చివర సాగదీసి. మా అత్త పలికినట్టే. కాగితం మీద రాసుకుని, శనివారం ఇంటికి రాగానే ఆమె ముందు పెట్టాను. ఆమె వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

"అత్తా, నా పేరు నార్వేది. మొలకెత్తేది అని అర్థం. తెలుసునా నీకు?"

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"ఇంకొక అర్థం ఉండాదే. అది వేయలేదా నీ కంప్యూటర్‌లో?"

"స్త్రీ అని ఇంకోటి వేసినారు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "అది కాదు" అంది. ఎంత బతిమాలినా చెప్పలేదు. బళ్లో ఎనిమిదో తరగతితో ఆగిపోయిన మనిషికి నార్వే మాట ఎట్లా తెలుసునని అప్పుడు నేను గట్టిగా నిలదీసి అడగాల్సింది. నాకు బస్సుకు టైమైంది, వెళ్లిపోయాను.

ఇరవై నాలుగేళ్లప్పుడు సేత్తూరు సంబంధం వచ్చింది. మంచి మనుషులు. అబ్బాయి నచ్చాడు. అంతా కుదిరాక మా అత్తగారు కాబోయే ఆమె ఒక్కటే అడిగింది. శుభలేఖలో ఈ పేరు వేస్తే చుట్టాలు ఏమిటేమిటో అడుగుతారు, మతం మారినవాళ్లా అంటారు, ఒక మంచి పేరు పెట్టుకుంటే బాగుంటుంది అంది. వాళ్లే ఒక పేరు కూడా అనుకుని వచ్చారు. మా అమ్మ ముఖం వెలిగిపోయింది. నిజం చెప్పాలి కదా, నా ముఖం కూడా వెలిగింది. గెజెట్లో పేరు మార్చుకోవడానికి ఫారం తెచ్చాను. దాంట్లో సాక్షి సంతకాలు కావాలి. ఆ సాయంత్రం ఫారం తీసుకుని అత్త గదిలోకి వెళ్లాను. కోప్పడుతుందని సిద్ధపడే వెళ్లాను.

ఆమె ఫారం చివరిదాకా చదివింది. పక్కన పెట్టింది. తలుపు దగ్గరికి వేయమంది. వేశాక మంచం మీద కూర్చుని, నా ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి, ఎడమకాలి మీద చీర మోకాలి దాకా ఎత్తింది.

పిక్క ముందువైపు ఎముక పొడుగునా మచ్చ. చర్మం నున్నగా, పలచగా, మిగతా కాలి కంటే తెల్లగా ఉంది. అంత మచ్చ పడిందంటే పుండు ఎంతదై ఉండాలి అనుకున్నాను.

"పదిహేడేండ్లప్పుడు కోసేసిన పత్తిమోటు కాల్లో గుచ్చుకొనె. మంసాపురం చేలో. చిన్నదే కదా అని వదిలేస్తిమి. ఎనిమిది నెలలు మానలేదు. ఒకటే వాసన. కుదిరిన కల్యాణం నిలిచిపోయె. నన్ను పశువుల కొట్టం పక్కన పడుకోబెట్టినారు. మా అమ్మే పాపం, అన్నం పెట్టేదానికి వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వచ్చేది. కాలు తీసేయాల అనిరి."

నేను ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాను.

"అప్పుడు ఎవరో చెప్పినారని నాయన నన్ను బండిలో వేసుకొని ఒక ధర్మాసుపత్రికి తీసుకుపోయినాడు. అక్కడ ఒక తెల్లామె ఉండె. నర్సు. ఎత్తు మనిషి. ఆమె నా కాలిని తన ఒళ్లో పెట్టుకొనె. ముక్కు మూసుకోలేదే. కడిగి, మందు వేసి, గుడ్డ కట్టె. దినమూ. నాలుగు నెలలు దినమూ. పాత కట్టు గుడ్డ తీసేటప్పుడు పుండుకు పోగు అంటుకొంటే నాకు ప్రాణం పోయేది. ఆమె తడిపి తడిపి, ఒక్కొక్క పోగూ తీసేది. తీసినంతసేపూ ఏదో ఒకటి మాట్లాడతానే ఉండేది, వచ్చీరాని తమిళంలో."

కిటికీలోంచి మిల్లు సైరన్ వినిపించింది. ఆమె అది అయిపోయేదాకా ఆగింది.

"ఒక దినం పుండు అంచులో, బియ్యపు గింజంత వెడల్పున, కొత్త తోలు వచ్చి ఉండె. ఆమె చూసి నవ్వి, దాన్ని చూపించి 'గ్రూ' అనె. మళ్లీ తన ఎద మీద చెయ్యి పెట్టుకొని 'గ్రూ' అనె. నాకేమీ తెలియలేదు. మళ్ల కాంపౌండర్‌కు చెప్పి నాకు చెప్పించినాది. వాళ్ల ఊళ్లో పైరు మొలిస్తే ఆ మాటే అంటారంట. పుండు అంచునుంచి పూడుకొంటా వచ్చేదానికీ ఆ మాటే అంటారంట. అదే వాళ్లమ్మ తనకు పేరు పెట్టిందని. ఇదే నేను చెప్పిన ఇంకొక అర్థం."

"ఆమె ఏమైంది?"

"నా కాలు మానిపోయిన ఏడాదే వాళ్ల దేశం పోయినాది. ఫొటో లేదు, అడ్రెస్ లేదు. నాయన ఇంటికొచ్చి, ఈ పుండు సంగతి ఇంక ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే ఈ ఇంటి పిల్లలకు సంబంధాలు రావు అని చెప్పేసె. నేనూ ఎత్తలేదు. ఆమె పేరు నేను పలికేదానికి లేదు, పెద్దది కదా. నాకు ఆమె అమ్మ మాదిరి. అందుకనే నీకు పెడితిని. ఇంట్లో తిరగతా ఉంటే చూసుకోవచ్చునని."

"మరి ఎందుకు నన్ను ఆ పేరుతో పిలవలేదు?"

ఆమె నవ్వింది. "నిన్ను తిట్టకుండా పెంచేదానికి అయ్యేదా? దినానికి పదిసార్లు తిట్టాల్సి వచ్చేది. ఆ పేరు పెట్టుకొని ఎట్ల తిట్టేది?"

చీర కిందికి దించుకుంది. ఫారం దగ్గరికి లాక్కుంది. "కలం ఇయ్యి" అంది.

"వద్దత్తా. నేను మార్చుకోను" అన్నాను. అన్నాను కానీ, ఆ గొంతులో ఎంత బలం ఉందో ఆమెకు తెలియదా.

"ఎందుకు మార్చుకోవు? పోయి బతకాల్సిన ఇల్లు. వాళ్లకు నోరు తిరగాల. కలం ఇయ్యి."

సాక్షి అని ఉన్న చోట, తమిళ అక్షరాలతో, నిదానంగా తన పేరు రాసింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఫారం తీసుకెళ్లి పోస్టులో వేశాను కూడా. ఇంతా విన్న తర్వాత వేశాను. ఎవరన్నా నన్ను నాలుగు మాటలు అనాలనుకుంటే ఇక్కడ అనొచ్చు, నేను పడతాను.

పెళ్లైన మూడో నెలలో, మామిడికాయల కాలంలో, అత్త నన్ను చూడటానికి సేత్తూరు వచ్చింది. మా అత్తగారు వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు, ఇద్దరు పక్కింటి ఆడవాళ్లు కబుర్లు చెబుతున్నారు. నేను లోపల ఉన్నాను. వాకిట్లోంచి కేక వినిపించింది.

"గ్రూ. ఏమే గ్రూ."

దగ్గు కాదు, పిలుపు. చివర సాగదీసి, వీధంతా వినబడేట్టు. నేను గబగబా బయటికి వచ్చాను. పక్కింటివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నేను ఆమెను గేటు పక్కకు తీసుకెళ్లాను.

"అత్తా, ఇక్కడ అట్ల పిలవొద్దు."

"ఎందుకే?"

"అందరి ముందర నాకు ఒక మాదిరిగా ఉండాది."

"కాగితంలో నుంచి తీసేస్తిమి కదా" అంది. "ఇంక ఆ పేరు యాడ ఉండాది? నేనన్నా పిలవకుంటే పోయేస్తాది. అందుకనే నోటికి తెచ్చుకొని వస్తిని."

"పోతే పోనీ" అన్నాను. "ఎవరూ పిలవకపోతే ఏమి?"

ఆమె నన్ను ఒక్క చూపు చూసింది. "సరి" అంది. మామిడికాయల సంచి నా చేతికిచ్చి, లోపలికి వచ్చి, మా అత్తగారితో బాగా మాట్లాడి, కాఫీ తాగి, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయింది.

అంతటితో అయిపోయింది. ఆ తర్వాత ఆమె నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. కొత్త పేరుతో పిలవలేదు, "ఏమే" అని కూడా అనలేదు. నేను వెళితే నేను తనవైపు తిరిగేదాకా ఆగి అప్పుడు మాట మొదలుపెట్టేది. ఫోన్లో నేరుగా "తిన్నావా" అని అడిగేది. కోపం కాదు. కోపమైతే నాకు తెలుసు, రెండు రోజుల్లో దింపేదాన్ని. నేను ఒక మాట చెప్పాను, ఆమె దాన్ని పాటించింది, అంతే. పద్దెనిమిదేళ్లు పాటించింది. ఒకటి రెండుసార్లు క్షమించమని అడుగుదామని నోటిదాకా తెచ్చుకున్నాను. ఎదురుగా కూర్చుంటే ఆమె నా పిల్లల చదువు గురించి అడిగేది, నా మాట లోపలికి పోయేది.

మొన్నటి మాసి నెలలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, నోరు పక్కకు పోయింది. పది రోజులు ఆస్పత్రిలో పెట్టి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను రాజపాళయం వచ్చి దగ్గరే ఉన్నాను. ఆదివారం ఉదయం మావారు, మా అత్తగారు చూడటానికి వచ్చారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. అయినా పట్టుబట్టి వచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మావారు తలుపు దగ్గర నిలబడ్డారు. నేను మంచం కాళ్ల దగ్గర బట్టలు మడత పెడుతున్నాను.

అప్పుడు అత్త దగ్గింది. రెండుసార్లు.

తల ఎత్తి చూశాను. ఆమె నన్నే చూస్తోంది. నీళ్లు కావాలి. నేను చేతికందేంత దూరంలో ఉన్నాను, మాట ముద్దగా అయినా వస్తోంది, అయినా ఎవరో వాకిలి బయట నిలబడ్డట్టు నన్ను దగ్గి పిలిచింది. చేతిలో బట్టలు మంచం మీద పెట్టేశాను. నీళ్లు తాగించి, మూతి తుడిచి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"అత్తా, పేరు పెట్టి పిలువు. ఒక్కసారి పిలువు."

ఆమె కళ్లు తలుపు వైపు తిరిగాయి. తర్వాత కుర్చీ వైపు. ఒక్కొక్క మాటే కూడబలుక్కుని అంది. "అల్లుడు ఉండాడు. వదిన ఉండాది. అందరి ముందర... వొద్దంటివి కదా."

పద్దెనిమిదేళ్లు నేను మింగుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. ఏడ్చాను. ఏడుస్తూనే మా అత్తగారి వైపు తిరిగాను.

"అత్తా, నా పాత పేరు ఈమె పెట్టినాది. మీ ఇంటికొచ్చేటప్పుడు మార్చుకొన్నాను. ఈమె పిలిస్తే వద్దని కూడా చెప్పినాను. మీరందరూ ఏమనుకొంటారో అని చెప్పినాను. అది తప్పు. నా పేరు గ్రూ."

మావారు నేల చూశారు. మా అత్తగారు చెడ్డ మనిషి కాదు, ఎప్పుడూ కాదు. ఒక పేరు గురించి ఎప్పుడో అన్న మాట ఇంత దూరం వచ్చిందని ఆమెకు అసలు తెలియదు. ముందుకు వంగి అత్త చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలీదు వదినా. మీరు పెట్టిన పేరని తెలీదు. పళ్లికూటంలో ఎవరో టీచర్ పెట్టినారనుకొంటిని" అంది. ఆగి, "నాకు నోరు తిరగదు. ఎట్ల చెప్పాల అది?" అంది.

అత్త ముఖంలో ఏదో కదిలింది. గుడ్డ మడతలో ముడి తగిలితే వచ్చే పట్టుదల అది, నాకు బాగా తెలుసు.

"కష్టం లేదు వదినా. నోరు గుండ్రంగా పెట్టాల."

తనకే నోరు గుండ్రంగా రావడం లేదు. కుడివైపు పెదవి కిందికి జారిపోయి ఉంది. పనిచేసే ఎడమచేయి ఎత్తి, జారిన ఆ చెంపను వేళ్లతో పైకి నెట్టి పట్టుకుంది. పెదవులు దగ్గరికి వచ్చాయి.

"గ్రూ."

మా అత్తగారు అన్నారు.

"ఇంకొంచెం లాగాల వదినా. చివర. గ్రూ."

మా అత్తగారు మళ్లీ అన్నారు. అత్త వద్దన్నట్టు తల ఊపి, చెంప వదలకుండా ఇంకోసారి చెప్పి చూపించింది. మూడోసారికి కుదిరింది. అత్త చెయ్యి దించేసి, అలిసిపోయి, కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాం. "వదినకు కాఫీ కలపవే, గ్రూ" అంది కళ్లు మూసుకునే. వంటింట్లోకి వెళ్లి, గోడకు తల ఆనించి నిలబడ్డాను. పాలు పొంగిపోయాయి.

నాలుగో రోజు పొద్దున ఆమె పోయింది.

పదహారో రోజు కార్యం అయ్యాక నేను సేత్తూరు వచ్చేశాను. నా ఆధార్‌లో, రేషన్ కార్డులో, బ్యాంకులో అన్నిట్లో ఉన్నది ఆ రెండో పేరే, దాన్నిప్పుడు మార్చే ఓపిక నాకు లేదు. మావారు ఆ పేరు పలకబోయి మధ్యలో నవ్వేస్తారు, ఆయన వల్ల కాదు. పోయిన శుక్రవారం మా ఇంటికి చుట్టాలు వచ్చారు. వరండా నిండా జనం. మా అత్తగారు వాళ్ల మధ్యలో కూర్చుని, వీధంతా వినబడేట్టు, "గ్రూ, కుక్కర్ దించవే" అని కేకేశారు. వెళ్లి దించాను.